సగం ఏడాది సరస్సు

మా ఓస్మో మామయ్యకు హొంకాయార్వి సరస్సు ఏడాదిలో సగం రోజులే నచ్చేది. నీళ్ళు గడ్డకట్టి ఉన్నన్నాళ్ళూ ఆయనంత సరస్సు మనిషి మా చుట్టుపక్కల ఇంకొకరు లేరు. గడ్డ కరిగి అలలు లేవడం మొదలయ్యాక మాత్రం తప్పని పనుంటే తప్ప ఒడ్డు వైపు తొంగి కూడా చూసేవాడు కాదు.

ఆయన రోడ్ల శాఖలో మంచు తోసే బండి నడిపేవాడు. క్రిస్మస్ వెళ్ళి గడ్డ బాగా మందమెక్కాక, మా గట్టు నుంచి చర్చి ఉన్న అవతలి ఊరికి సరస్సు మీదుగానే దారి వేసేవాళ్ళు. ఆ దారి వేసేది మామయ్యే. ముందు కాలినడకన వెళ్ళి, బరమాతో గడ్డకి బొక్కలు పెట్టి మందం చూసుకునేవాడు. తర్వాత బండి ఎక్కి, తలుపు బార్లా తెరిచిపెట్టి, బెల్టు కట్టుకోకుండా నడిపేవాడు. ఆ శాఖ రూలే అది, గడ్డ పగిలితే దూకేయడానికి. మిగతా డ్రైవర్లు ఆ పని పడితే మొహాలు వేలాడేసేవాళ్ళు. ఈయన ఈల వేసుకుంటూ వెళ్ళి, అవతలి గట్టున కాఫీ తాగి, ఈల వేసుకుంటూ వచ్చేవాడు.

అదే మనిషి జూలైలో పడవల రేవు చెక్క మీద కాలు పెట్టడు. సౌనాకి, అంటే ఆవిరి స్నానాల గదికి, నీళ్ళు కావాలంటే ఒడ్డున రాయి మీద నిలబడి, పొడుగు కర్రకి బకెట్ తగిలించి తోడుకునేవాడు. చిన్నప్పుడు ఒకసారి నేను అడిగాను, చలికాలంలో కింద ఉన్నవీ ఇవే నీళ్ళు కదా, అప్పుడు లేని భయం ఇప్పుడెందుకు అని. ఆయన నొచ్చుకోకుండా కాసేపు ఆలోచించి చెప్పాడు.

"ఇవే కాదమ్మా కాయిసా. అవి పడుకున్న నీళ్ళు."

ఐలి అత్త మా నాన్న వెయిక్కోకి అక్క. మా ఇంటి పక్కిల్లే వాళ్ళది. ఇద్దరిళ్ళకీ మధ్య బంగాళాదుంపల మడి ఒకటి, కొన్ని బర్చ్ చెట్లు, అంతే. మామయ్య ఈ ఊరివాడు కాదు. పడమటి వైపు, ఎటు చూసినా పొలాలే తప్ప గుట్టగానీ సరస్సుగానీ లేని చోట పుట్టి, ఉద్యోగం మీద ఇక్కడికొచ్చాడు. వచ్చిన మొదటి జనవరిలో దారి తోస్తుంటే, గడ్డ మీద ఒక ఆడమనిషి ఒంటరిగా వల లాగుతూ కనిపించింది. గడ్డ కింద వల వెయ్యడం ఇద్దరి పని. ఈ బొక్క దగ్గర ఒకరు లాగుతుంటే ఆ బొక్క దగ్గర ఇంకొకరు తాడు వదులుతూ ఉండాలి. తాతయ్యకి ఆ ఏడాది నడుం పట్టేసింది, నాన్న చదువుకి పట్నంలో ఉన్నాడు. అందుకని అత్త అటూ ఇటూ పరిగెత్తి రెండు పనులూ తనే చేస్తోంది. మామయ్య బండి ఆపి, దిగి, చూస్తూ నిలబడ్డాడు.

"చూడ్డానికి ఇదేం సినిమా కాదు. ఆ తాడు పట్టుకో" అందట అత్త.

పట్టుకున్నాడు. సాయంత్రం దాకా వదల్లేదు. అత్త కూలి కింద ‘మాడే’ అనే రకం చేప ఒకటి ఇచ్చి పంపింది. దాని మొహం చూస్తే ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది. పాలూ బంగాళాదుంపలూ మిరియాలూ వేసి పులుసు కాస్తే మాత్రం గిన్నె నాకాల్సిందే. వండటం రాక, మామయ్య మర్నాడు ఆ చేపని అలాగే పట్టుకుని వెనక్కొచ్చాడు. ఎలా వండాలో అడగడానికి వచ్చానన్నాడు. ఊళ్ళో ముసలమ్మలు ఆ మాట మీద ఆ ఏడాదంతా నవ్వుకున్నారు.

ఆ చలికాలమంతా ఆయన బండికి మా గట్టు వైపే ఎక్కువ మంచు కనపడేది. తోసిన దారినే మళ్ళీ తోసేవాడు. ఏప్రిల్ నెలాఖరుకి గడ్డ నల్లబడి, దారి మూసేశారు. ఆ తర్వాత మనిషి జాడే లేదు. మే నెలలో నీళ్ళు తెరుచుకున్నాయి, హంసలొచ్చాయి, కొంగలొచ్చాయి, ఓస్మో రాలేదు. ఆయన ఉండే అవతలి గట్టు నుంచి పడవేసుకుంటే కాఫీ చల్లారేలోపు ఇక్కడుండొచ్చు. సరే, అంతటితో సరి అనుకుంది అత్త. ఒక ఆదివారం మధ్యాహ్నం, అడవి దారమ్మట, సైకిల్ మీద, ఒళ్ళంతా దుమ్ముతో దిగాడు. సరస్సు చుట్టూ తిరిగి రావడానికి పూట పట్టింది. సెలవులకి ఇంట్లో ఉన్న మా నాన్న ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"మీ వైపు పడవలని ఉంటాయి, విన్నావా?" అన్నాడు.

"విన్నాను" అన్నాడు మామయ్య. సైకిల్ గోడకి ఆనించి, మంచినీళ్ళు అడిగి, చెంబెడూ తాగేశాడు. ఆ ఎండాకాలమంతా అలా సైకిల్ మీదే వచ్చాడు.

పెళ్ళి మాటలయ్యాయి. మా వైపు పెళ్ళంటే జూన్‌లో, యుహన్నుస్ పండగనాడు. ఆ రోజుల్లో రాత్రనేది ఉండదు. ఒడ్డున మంటలేస్తారు. పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునీ పొడుగాటి చర్చి పడవలో, బర్చ్ కొమ్మలు కట్టి, ఊరంతా తెడ్లు వేస్తూ తీసుకెళ్తారు. అత్త చిన్నప్పటి నుంచీ ఆ పడవలో కూర్చోవాలని ఎదురుచూసింది. ముహూర్తం రాబోయే యుహన్నుస్‌కి పెట్టారు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా మామయ్య రోడ్డు మీద వెళ్దాం, కారు మాట్లాడతాను అనేవాడు. అత్త ఎందుకని అడిగితే మాట మార్చేవాడు. చివరికి ఫిబ్రవరిలో ఒక సాయంత్రం, సౌనా మెట్ల మీద ఇద్దరూ ఒళ్ళు ఆరబెట్టుకుంటూ కూర్చున్నప్పుడు నోరు విప్పాడు.

వాళ్ళ ఊళ్ళో ఏటా వసంతంలో ఏరు పొంగి పొలాల మీదికొస్తుంది. అన్నదమ్ములిద్దరూ చిన్నతనంలో గడ్డముక్కల మీద ఎక్కి ఆడుకునేవాళ్ళు. అన్న లౌరి నిలబడ్డ ముక్క రెండుగా చీలింది. మామయ్య చెయ్యి చాచాడు. అందలేదు. వాళ్ళమ్మ ఆ తర్వాత ఆ ఏటి పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

అత్త మర్నాడు పొద్దున్నే చర్చికి వెళ్ళి, పెళ్ళి మార్చి నెలకి మార్చమని పాస్టర్ని అడిగింది. పాస్టర్ కళ్ళద్దాలు సవరించుకుని ఆవిడ కడుపు వైపు చూశాడు. ఊరంతా అలాగే చూసింది. నానమ్మ ఏడ్చింది. తొందరెందుకో అందరికీ తెలిసిపోయింది అనుకున్నారు గానీ, ఎవరికీ తెలీదు. అత్త ఎవరికీ చెప్పలేదు. మామయ్య భయం బయటపడ్డం కంటే తన పరువు పోవడం నయం అనుకుందో ఏమో, నవ్వి ఊరుకుంది.

మార్చిలో, ఎండ మంచు మీద పడి కళ్ళు చెదిరిపోతుంటే, పెళ్ళికొడుకే ముందు బండి తోలుతూ దారి చేశాడు. వెనక గుర్రపు బండీ, దాని వెనక కాలితో తన్ని మంచు మీద జార్చే తన్నుడు బళ్ళ మీద ముసలివాళ్ళూ, స్కీల మీద పడుచువాళ్ళూ చర్చికి వెళ్ళారు. సరస్సు నడిమధ్యలో ఆగి కాఫీ కాచుకున్నారు. పెళ్ళి ఫొటోలో అందరి మొహాలూ ఎండకి కమిలి ఎర్రగా ఉంటాయి. ఆ తర్వాత ఎండాకాలమంతా ముసలమ్మలు వేళ్ళు మడిచి లెక్కలేసి, ఏమీ జరక్కపోయేసరికి నీరసపడిపోయారు.

పిల్లలు తర్వాత కూడా కలగలేదు. దాని గురించి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం నేను వినలేదు. ఆ ఇంట్లో పిల్లల వాటా మొత్తం నాకే దక్కింది.

నాకు ఏడాది రెండు ముక్కలుగా తెలుసు. ఒక ముక్క మామయ్యది. అక్టోబరు చివర ఒక పొద్దున్న రెల్లు మొదళ్ళ చుట్టూ అద్దం పెంకులాంటి పొర కనిపించేది. ఆయన చిన్న రాయి తీసి దాని మీదుగా జార్చి విసిరేవాడు. అది పిట్ట కూసినట్టు కూసుకుంటూ పోయేది. ఆ రోజు నుంచీ ఆయన అన్నం సహించే మనిషయ్యేవాడు. చలి ముదిరే కొద్దీ గడ్డ మూలిగేది, ఒక్కోసారి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఎవరో పెద్ద తీగ మీటినట్టు మోగేది. నన్ను బోర్లా పడుకోబెట్టి, టోపీ పక్కకి జరిపి, చెవి ఆనించి వినమనేవాడు. సూర్యుడు అసలు పైకే రాని రోజుల్లో మధ్యాహ్నం కాసేపు మంచంతా నీలంగా అయ్యేది. దానికోసం పని ఆపి నిలబడేవాడు. ఏప్రిల్‌లో పగలు కరిగి రాత్రి బిగిసిన మంచు మీద, తెల్లారి కాలు దిగబడకుండా ఎక్కడికంటే అక్కడికి నడవచ్చు. అప్పుడు నన్ను అడవిలోకి తీసుకెళ్ళి, పైన్ చెట్టు మొదట్లో కరిగి బయటపడ్డ గుప్పెడు నేల చూపించి వాసన చూడమనేవాడు.

రెండో ముక్క అత్తది. గడ్డ వెళ్ళిపోయే రోజు ఆవిడ ఇంట్లో ఉండేది కాదు. గాలి తిరిగి, గడ్డంతా గలగలమంటూ అవతలి ఒడ్డుకి కొట్టుకుపోతుంటే చప్పట్లు కొట్టేది. మామయ్య బరమాకి నూనె రాసి, గోనెలో చుట్టి, గొడ్డు చచ్చిన ఇంటివాడిలా షెడ్డులో పెట్టి వచ్చేవాడు. అత్త మే నుంచి అక్టోబరు దాకా రోజూ ఈదేది. వేలెడంత ముయిక్కు చేపలకి వల వేసి, రై పిండిలో దొర్లించి వెన్నలో వేయించి పెట్టేది. క్వికా పిట్ట తెల్లవార్లూ అరిచే జూన్‌లో నన్ను పడవలో పడుకోబెట్టి, తెడ్లు పైకెత్తేసి, పడవ ఎటుపోతే అటు పోనిచ్చేది. ఒడ్డు మీద మామయ్య సౌనా మెట్ల మీద కూర్చుని మేం వచ్చేదాకా ఏదో ఒకటి చెక్కుతూ ఉండేవాడు. ఇంటిముందు ఆయన వేసిన బల్ల సరస్సుకి వీపు పెట్టి, అడవి వైపు తిరిగి ఉండేది.

మా నాన్న ఆయన్ని బతకనిచ్చేవాడు కాదు. "బావా, జాగ్రత్త, ఆకాశం మబ్బు పట్టింది, పైనుంచి నీళ్ళు పడేలా ఉన్నాయి" అనేవాడు. కాఫీ కప్పు నిండుగా పోసి, "ఈత రాకుండా ఇంత లోతు దాంట్లో మూతి పెట్టకు" అనేవాడు. మామయ్య నవ్వి తాగేవాడు. లౌరి సంగతి నాన్నకి అప్పటికి తెలీదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ మామయ్యే అత్తకి పడవ కట్టి ఇచ్చాడు. ఒక చలికాలమంతా షెడ్డులో పైన్ పలకలు ఆవిరి పట్టి, వంచి, తారు పూసి. వసంతంలో నలుగురం మోసుకెళ్ళి నీళ్ళలో దించితే ఆకులా తేలింది. చుట్టుపక్కల ముసలి చేపలవాళ్ళు వచ్చి తడిమి చూసి, తల ఊపి వెళ్ళారు. అత్త ఆయన్ని రమ్మని పిలవలేదు. పిలవదని ఆయనకి తెలుసు.

అలా ఏళ్ళు గడిచాయి. ఇద్దరికీ జుట్టు నెరిసింది. నేను పెద్దదాన్నయ్యాను.

ఒక సెప్టెంబరు చివర ఊళ్ళో మగవాళ్ళంతా ఎల్క్ దుప్పి వేటకి వెళ్ళారు. నాకు ఆ ఏడాదే తుపాకీ లైసెన్సు వచ్చింది కాబట్టి నేనూ వెళ్ళాను. బర్చ్ ఆకులు పసుపు, నేలంతా ఎరుపు. అత్త పొద్దున్నే తన పడవేసుకుని ఎదురుగా ఉన్న గొర్రెల దీవికి వెళ్ళింది, పుల్లటి ఎర్ర పళ్ళు ఏరుకోవడానికి. మామయ్య మడిలో మిగిలిన బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. మధ్యాహ్నం దాటాక దీవి మీద నుంచి ఆవిడ కేక వినిపించింది. గాలి లేని రోజు నీళ్ళ మీద మాట చాలా దూరం వస్తుంది. హంసలు దిగినప్పుడల్లా అత్త అలా పిలుస్తూనే ఉంటుంది, చూడమని. అందుకని ఆయన చెయ్యెత్తి ఊపి, మళ్ళీ తవ్వుకోబోయాడు. అప్పుడు రెండో కేక వినపడింది. నాచు పట్టిన రాయి మీద జారిందట. చీలమండ విరిగింది. పడవని రాళ్ళ మీదికి ఎత్తుగా లాగిపెట్టుకుంది, ఇప్పుడు కదపలేకపోతోంది.

ఆయన మా ఇంటికి పరిగెత్తాడు. అమ్మ కూడా ఇంట్లో లేదు. మిగతా ఇళ్ళు కూడా అంతే. కారేసుకుని ఊళ్ళోకి వెళ్ళి, ఎవరినైనా పట్టుకుని, పడవతో వెనక్కొచ్చేసరికి చీకటి పడిపోతుంది. ఆ రాత్రికి నేల గడ్డకట్టేలా ఉందని పొద్దుటే అందరం అనుకున్నాం.

నిజం చెప్పాలంటే మామయ్య ముందు వెళ్ళి బంగాళాదుంపల బకెట్లు నేలమాళిగలో పెట్టి వచ్చాడు. చలికి పాడవుతాయని. కాళ్ళు అటు పోవడానికి ఒప్పుకోక ఆ పని చేశానని ఆయనే తర్వాత చెప్పాడు. పైకొచ్చాక మంచుబండి ఈడ్చే తాడు తెచ్చి ఒక కొస నడుముకి కట్టుకున్నాడు. మా రేవు దగ్గరికెళ్ళి, నాన్న పడవకి రెండో కొస కట్టి, అందులో ఎక్కాడు. ఎక్కాడంటే, మోకాళ్ళ మీద పాక్కుంటూ.

తెడ్డు వెయ్యడం ఆయన జన్మంతా చూశాడు గానీ చెయ్యలేదు. దీవి వైపు మొహం పెట్టి కూర్చుని తెడ్లు తోశాడు. పడవ ఉన్నచోటే తిరిగింది. దీవి మీద నుంచి అత్తకి అంతా కనపడుతోంది. కాలు పోటు పెడుతున్నా, నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయంది.

"తిరిగి కూర్చో ఓస్మో. వీపు నా వైపు పెట్టు."

"నువ్వు కనపడకపోతే ఎలా?"

"నేనెక్కడికీ పోను. కాలు విరిగింది."

తిరిగి కూర్చున్నాడు. మన ఇంటి పొగగొట్టం చూస్తూ లాగు, మిగతాది నేను చెప్తానంది. కుడి లాగు అంటే ఎడమ లాగాడు. నీ కుడి కాదు నా కుడి అంది, అంతలోనే కాదు నీ కుడే అంది. అలా వంకర్లు పోతూ రెల్లు దాటాడు. రెల్లు దాటాక అడుగు ఒక్కసారి లోతుకి పోతుంది, నీళ్ళు నల్లగా ఉంటాయి. అక్కడ మామయ్య పక్కకి చూశాడు. తెడ్లు ఆగిపోయాయి.

అత్తకి ఆయన వీపు మాత్రమే కనపడుతోంది. ఆ వీపు చూస్తే ఇంక తెడ్ల గురించి చెప్పి లాభం లేదని అర్థమైందట. వంటింట్లోంచి అడిగినట్టు మామూలుగా అడిగింది.

"బంగాళాదుంపలు అయిపోయాయా?"

ఎంతసేపటికో జవాబొచ్చింది. "రెండు సాళ్ళు మిగిలాయి."

"ఎలా ఉన్నాయి?"

"చిన్నవే. గోడ వైపువి పుచ్చిపోయాయి."

"నీళ్ళు ఎక్కువ నిలిచుంటాయి అక్కడ. ఎర్రవి కూడా పోయాయా?"

"ఎర్రవి బానే ఉన్నాయి." తెడ్లు ఒకసారి పడ్డాయి. "ఎర్రవి నాలుగు బకెట్లు వచ్చేలా ఉన్నాయి."

"విత్తనానికి ఏవి పక్కన పెడతావు?"

అలా ఆవిడ అడుగుతూ, ఆయన చెప్తూ, బంగాళాదుంపల తర్వాత క్యాబేజీలు, క్యాబేజీల తర్వాత కప్పు మీద ఊడిన రేకు. రేకు దగ్గర ఉండగా పడవ దీవి రాయికి కొట్టుకుంది. మామయ్య ఒడ్డెక్కి, ఆవిడ దగ్గరికి వెళ్ళే ముందు, అడ్డొచ్చిన పైన్ చెట్టుని రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాడు. అత్త ఆయన్ని తొందరపెట్టలేదు. ఊపిరి కుదుటపడ్డాక వచ్చి, రెండు కొమ్మలు విరిచి, మఫ్లర్‌తో కాలికి కట్టు కట్టాడు. కట్టు బాగానే కట్టాడని డాక్టరు కూడా అన్నాడు.

తిరుగు ప్రయాణం అత్త పడవలో. నాన్న పడవ కారుతుంది, దాంట్లో తను ఎక్కనంది. ఎర్ర పళ్ళ బకెట్ కూడా పెట్టమంది. మామయ్య మొదట వినలేదు. పొద్దుటి నుంచీ ఏరాను, అది రాకపోతే నేనూ రాను అంటే పెట్టాడు. దాన్ని నీళ్ళలోకి తోసి, తాడు కొస దానికి ముడేసి, తను కట్టిన పడవలో మొదటిసారి కూర్చున్నాడు. ఆయన ఒక్కడే లాగితే మళ్ళీ వంకర్లు పోతుంది. అందుకని పక్కపక్కన కూర్చుని చెరొక తెడ్డూ వేశారు. ఆయన బలం ఎక్కువ, పడవ అత్త వైపుకి తిరిగిపోయేది. నా అంత బలంతోనే లాగు అని ఆవిడ, అదెంతో నాకెలా తెలుస్తుంది అని ఈయన. నెమ్మదిగా కుదిరింది.

మేం అడవిలోంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నాన్న తన పడవ లేకపోవడం చూసి, ఎవడో ఎత్తుకుపోయాడని తిట్టుకుంటూ రేవు మీదికెళ్ళి దుర్భిణి పెట్టాడు. కాసేపటికి తిట్లు ఆగిపోయాయి. దుర్భిణి నా చేతికిచ్చాడు. నీళ్ళు కదలకుండా ఉన్నాయి, పసుపు చెట్లన్నీ వాటిలో తలకిందులుగా ఉన్నాయి. మధ్యలో వాళ్ళిద్దరూ. మామయ్య మా వైపు మెడ తిప్పి చూస్తున్నాడు.

దగ్గరికొచ్చాక ఆయన మాట వినపడింది. "ఐలీ, మన ఇల్లు నీళ్ళలో కూడా ఉందే."

"ఎప్పట్నుంచో అక్కడే ఉంది. లాగు" అంది అత్త.

నాన్న బూట్లతో సహా నడుం లోతు నీళ్ళలోకి దిగి పడవ ముక్కు పట్టుకున్నాడు. అక్క కాలు చూశాడు, బావ నడుముకి కట్టి ఉన్న తాడు చూశాడు. చివరికి, "బావా, నా పడవేది?" అన్నాడు.

"దీవి మీదుంది. రేపు ఈదుకుంటూ వెళ్ళి తెచ్చుకో" అన్నాడు మామయ్య.

ఆ రాత్రి ఆస్పత్రి నుంచి వచ్చాక, మా వంటింట్లో, లౌరి సంగతి ఆయనే నాన్నకి చెప్పాడు. నాన్న విని, లేచి, కాఫీ పోసి, కప్పు ఆయన ముందు పెట్టాడు. ఆ తర్వాత నీళ్ళ మీద ఒక్క జోకు వెయ్యలేదు. అది మామయ్యకి నచ్చలేదు. కొన్నాళ్ళు చూసి, "ఏం వెయిక్కో, నీ సరుకు అయిపోయిందా?" అని ఆయనే కదిపాడు. దాంతో నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు.

అత్త ఆ చలికాలమంతా కట్టుతో ఇంట్లోనే ఉండిపోయింది. మామయ్య వంట చేశాడు. రోజూ బఠానీ సూపే. గడ్డ మొదటిసారి మోగిన రోజు ఆవిడకి దుప్పట్లు చుట్టి, తన్నుడు బండి మీద కూర్చోబెట్టి, సరస్సు మీదికి తీసుకెళ్ళాడు. ఆవిడకి ఏడాదిలో ఆ ముక్క ఎప్పుడూ అంతగా పట్టలేదు, వల పని ఉంటే తప్ప వంటింటి కిటికీలోంచి చూసేదంతే. ఇదంతా నువ్వొక్కడివే దాచుకున్నావన్నమాట అందట.

జూన్‌లో, సౌనా నుంచి బయటికొస్తూ, ఆయన ఈత నేర్పమని అడిగాడు. అత్త ఆశ్చర్యం కనపడనివ్వలేదు, సరే టోపీ తీసెయ్ అంది. తియ్యలేదు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఉన్ని టోపీతో, నడుం లోతులో నిలబడి, అత్త చేతుల మీద వెల్లకిలా పడుకోవడం నేర్చుకున్నాడు. నాన్న రేవు మీద కుర్చీ వేసుకుని, చేపలు కూడా చూడ్డానికి వచ్చాయని చెప్పేవాడు. ఎన్నో సాయంత్రాలు మునిగి, దగ్గి, తిట్టుకుని బయటికొచ్చాడు. ఒక రోజు అత్త చేతులు తీసేసిన సంగతి ఆయనకి తెలీలేదు. కళ్ళు మూసుకుని తేలుతూనే ఉన్నాడు. తెరిచి, ఆవిడ చేతులు తన పక్కన నీళ్ళ మీద కనపడేసరికి కూడా మునగలేదు. బయటికొచ్చి ఒళ్ళు తుడుచుకుంటూ మెట్ల మీద కూర్చున్నాడు. తర్వాత అన్నాడు, "మెత్తగా ఉంటుందని లౌరికి తెలిసుంటుంది అనుకుంటాను, కొంచెంసేపైనా." అత్త ఆయన తల తుడిచింది.

ఆయన పెద్ద ఈతగాడేమీ కాలేదు. ఇప్పటికీ రెల్లు దాటి వెళ్ళడు. పడవలో మాత్రం వెళ్తాడు. అత్తకి భుజం నొప్పులొచ్చాక తెడ్లు పూర్తిగా ఆయన చేతికే వచ్చాయి. ఎండాకాలం అంతా ఆయన ఒంటిమీద తారు వాసనే.

నేను ఇప్పుడు పట్నంలో ఉంటున్నాను. మొన్న జూలైలో సెలవు పెట్టి వెళ్ళాను. ఇద్దరికీ ఎనభై దాటాయి. నేను వెళ్ళేసరికి వాళ్ళు ఇంట్లో లేరు. ఒడ్డుకి కాస్త దూరంలో, పడవ ఆపుకుని, దుర్భిణి ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుంటున్నారు. ఒక బాతు, దాని పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని రాళ్ళ వెంట పోతోంది. తొమ్మిదున్నాయని మామయ్య, పదని అత్త. ఒకటి రెక్క కింద దూరిందనీ, నీకు కళ్ళు ఆనట్లేదనీ ఆవిడ గట్టిగా అంటోంది. నన్ను చూసి, ఇద్దరూ ఒకేసారి, నువ్వు చెప్పవే ఎన్నున్నాయో అని కేకేశారు.

నాకు అంత దూరం నుంచి ఒక చుక్క తప్ప ఏమీ కనపడలేదు. పది అని అరిచాను. అత్త సంబరంగా ఆయన భుజం మీద ఒక్కటేసింది. ఈ పిల్ల ఎప్పుడూ నీ పక్షమే అని ఆయన సణుగుతూ తెడ్లందుకున్నాడు. నేను లోపలికెళ్ళి పొయ్యి వెలిగించి, కాఫీకి నీళ్ళు పెట్టాను.